మొబైల్ నెట్‌వర్క్ పేటెంట్లు, లైసెన్సులు: ఒడిశా సరిహద్దులో షాపులు, చిన్న యూనిట్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఫోన్లు అమ్మేవాళ్లు ఉన్నారు, బోర్డులు రిపేరు చేసేవాళ్లు ఉన్నారు, సిమ్‌తో నడిచే మోటారు స్టార్టర్లు బిగించే చిన్న యూనిట్లున్నాయి, ప్రాజెక్టు మీద పేటెంట్ వేద్దామనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులూ ఉన్నారు. ఎవరి ప్రశ్నలు వాళ్లవి. అందుకే కొన్ని జవాబులు రెండు ముక్కల్లో ముగుస్తాయి, కొన్ని పొడుగ్గా సాగుతాయి. పేటెంట్ చట్టం దేశమంతటికీ ఒకటే. ఏ ఆఫీసు, ఏ భాష, ఏ కోర్టు అన్న దగ్గరే సరిహద్దు సంగతి తెలిసొస్తుంది.

నెట్‌వర్క్ మీద పేటెంట్ అంటే అసలు దేని మీద?

ఫోన్ టవరుతో మాట్లాడే పద్ధతుల మీద. ఇచ్ఛాపురంలో బస్సెక్కి బరంపురం చేరేదాకా కాల్ మాట్లాడుతూనే ఉన్నారనుకోండి. ఫోన్ చుట్టూ ఉన్న టవర్ల సిగ్నల్ బలం కొలుస్తుంది. ఆ లెక్క నెట్‌వర్క్‌కి పంపుతుంది. 'ఇక ఆ టవరుకి మారు' అని నెట్‌వర్క్ నుంచి ఆదేశం వస్తుంది. ఫోన్ కొత్త టవరుతో టైమింగ్ సరిచూసుకుని మాట తెగకుండా అందుకుంటుంది. ఇందులో కొలిచే పద్ధతి ఒక కంపెనీది, రిపోర్టు పంపే తీరు ఇంకొకరిది, టైమింగ్ సరిచేసే ఉపాయం మూడో వాళ్లది కావచ్చు. మాటని కుదించి పంపడం, దారిలో పోయిన బిట్లని తిరిగి రాబట్టడం, ప్రసార శక్తిని పెంచుతూ తగ్గించుతూ పోవడం, వీటన్నిటి మీదా విడివిడిగా పేటెంట్లు ఉన్నాయి.

ఈ పద్ధతులు త్రీజీపీపీ స్పెసిఫికేషన్లలో రాసి ఉంటాయి. అది 1998 డిసెంబరులో మొదలైన కూటమి. ప్రమాణాలు తయారుచేసే 7 సంస్థలు అందులో భాగస్వాములు, మన దేశం తరఫున టీఎస్‌డీఎస్‌ఐ ఉంది. ఆ స్పెసిఫికేషన్లు ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు. చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, అందులో ఉన్నదాన్ని తయారుచేసి అమ్మితే పేటెంట్ వర్తిస్తుంది.

ప్రమాణం పాటించాలంటే తప్పించుకోలేని పేటెంట్‌ని స్టాండర్డ్ ఎసెన్షియల్ పేటెంట్, పొట్టిగా ఎస్‌ఈపీ అంటారు. తమ దగ్గర అలాంటివి ఉన్నాయని కంపెనీలు ఫ్రాన్సులో ఉన్న ఎట్సీ లాంటి సంస్థకి ప్రకటిస్తాయి. న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని షరతుల మీద ఎవరికైనా లైసెన్సు ఇస్తామని మాట ఇస్తాయి. దీన్నే ఫ్రాండ్ మాట అంటారు. ఒకటి గుర్తుంచుకోండి: ఆ ప్రకటన కంపెనీ తనంతట తాను చేసుకున్నదే. ఆ పేటెంట్ నిజంగా తప్పనిసరిదా, కాదా అని ఎట్సీ పరీక్షించదు. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు.

షాపులో ఫోన్లు అమ్మితే నేను కూడా రాయల్టీ కట్టాలా?

అక్కర్లేదు, సరుకు సరైన దారిలో వచ్చినదైతే. పేటెంట్ చట్టం సెక్షన్ 48 ప్రకారం తయారీ, వాడకం, అమ్మకం, అమ్మకానికి పెట్టడం, దిగుమతి అన్నీ పేటెంట్‌దారు హక్కులే. కానీ హక్కుదారు గానీ, అతని అనుమతి ఉన్నవాడు గానీ ఒకసారి అమ్మాక ఆ వస్తువు మీద హక్కు తీరిపోతుంది. చట్టప్రకారం అధికారం ఉన్నవాడి దగ్గర కొని దిగుమతి చేసుకుంటే అది ఉల్లంఘన కాదని సెక్షన్ 107ఎ(బి) చెబుతుంది.

అంటే మీ రక్షణ అంతా కొనుగోలు బిల్లులోనే ఉంది. అమ్మినవాడి జీఎస్‌టీ నంబరు, మోడల్ పేరు, ఐఎంఈఐల (ప్రతి ఫోనుకీ ఉండే గుర్తింపు నంబర్ల) జాబితా ఉన్న బిల్లు తీసుకోండి. జీఎస్‌టీ కోసం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి, ఈ బిల్లులూ అందులోనే పెట్టండి. కచ్చా చిట్టీ మీద వచ్చిన పెట్టెకి ఏ రక్షణా లేదు.

రిపేరు షాపు వాళ్లకి పేటెంట్ చిక్కు ఉంటుందా?

డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ ఐసీ మార్చడం మామూలు రిపేరు. కొన్నవాడికి తన ఫోన్ బాగుచేయించుకునే హక్కు ఉంది. పేటెంట్ ఉల్లంఘన సివిల్ తగాదా, నేరం కాదు. దాని మీద పోలీసు దాడి ఉండదు. మన ఊళ్లలో షాపుల మీద జరిగే దాడులు బ్రాండ్ పేరేసిన నకిలీ బ్యాటరీలు, చార్జర్ల కోసం, అంటే ట్రేడ్‌మార్క్ చట్టం కింద. అది నేరమే. కస్టమ్స్ వాళ్లు కూడా 2018 సవరణ తర్వాత పేటెంట్ పేరు చెప్పి సరుకు ఆపరు.

ఇక ఐఎంఈఐ తిరగరాయడం పూర్తిగా వేరే సంగతి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం దానికి 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. డెడ్ బోర్డు మార్చి పాత నంబరు ఎక్కించమని కస్టమరు ఎంత బతిమాలినా చేయకండి.

సిమ్‌తో నడిచే మోటారు స్టార్టరు తయారుచేస్తున్నాం. ఎవరికైనా లైసెన్సు కట్టాలా?

ఇక్కడ మీరు అమ్మకందారు కాదు, తయారీదారు. కాబట్టి ప్రశ్న నిజంగా మీదే. పెట్టె మూత తీసి ఒక్కొక్క భాగం చూడండి.

తపాలా బిళ్లంత ఆకుపచ్చ బోర్డు, దాని మీద లోహపు మూత ఉన్నది మోడెం మాడ్యూల్. 2జీకి సిమ్800 రకం, 4జీకి క్వెక్టెల్ ఈసీ200యు, సిమ్‌కామ్ ఎ7672ఎస్ లాంటి క్యాట్ వన్ రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. నెట్‌వర్క్ పేటెంట్లన్నీ దాదాపు ఈ ఒక్క ముక్కకే తగులుతాయి. యాంటెన్నా, సిమ్ హోల్డరు బజారులో దొరికే మామూలు సరుకు.

మైక్రోకంట్రోలర్‌లో మీరు రాసుకున్న ప్రోగ్రాం మీ కాపీరైట్. పక్క యూనిట్ వాడి చిప్పు నుంచి దించుకున్నదైతే అది వాళ్ల కాపీరైట్.

అసలు ప్రమాదం చాలామంది చూడని చోట ఉంది: ఫేజు పోతే మోటారు ఆపే సర్క్యూట్, బోరులో నీళ్లు లేనప్పుడు కరెంటు పడిపోవడం చూసి ఆపే డ్రై రన్ పద్ధతి, కరెంటు వచ్చాక కొంత ఆగి తిరిగి స్టార్టు చేసే తీరు. వీటి మీద ఇతర స్టార్టర్ కంపెనీలకి మామూలు పేటెంట్లు ఉండొచ్చు. వీటికి ఫ్రాండ్ మాట ఏమీ ఉండదు. హక్కుదారు లైసెన్సు ఇవ్వనని చెప్పి, కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకోగలడు. నెట్‌వర్క్ పేటెంట్ చాలాసార్లు డబ్బుతో తేలుతుంది, ఇది మీ అమ్మకమే ఆపేయగలదు. పెట్టె ఆకారం కూడా చూసుకోవాలి. డిజైన్ రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. రైతులకి అలవాటైన పెట్టె కదా అని అదే అచ్చు పోయిస్తే ఇరుక్కుంటారు.

మీ సొంత పేటెంట్‌కి అవకాశం ఉన్నది కూడా ఈ భాగాల్లోనే. పత్తి, వరి పొలాల్లో వోల్టేజీ ఎగుడుదిగుళ్ల మధ్య 2జీ మాడ్యూల్ నిలబడాలంటే 3.4 నుంచి 4.4 వోల్టుల సప్లై ఉండాలి. ప్రసారం చేసే క్షణాల్లో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై చాలక మాడ్యూల్ రీసెట్ అవుతుంటే 'సిగ్నల్ లేదు' అనుకునేవాళ్లే ఎక్కువ. ఇలాంటి సమస్యకి మీరు కనిపెట్టిన కొత్త పరిష్కారం ఏదైనా ఉంటే పేటెంట్‌కి పనికొచ్చేది అదే.

ఒక మాట: జియోకి 2జీ లేదు. 2జీ మాడ్యూల్‌లో ఆ సిమ్ వేస్తే నమోదే కాదు. 4జీ మాడ్యూల్ కొనేటప్పుడు వోల్టీ వాయిస్ ఉన్న రకమా, డేటా మాత్రమేనా అని అడగండి. డేటా రకానికి కాల్ రాదు, రైతు నంబర్లు నొక్కి మోటారు వేయలేడు.

మాడ్యూల్ అమ్మినవాడు 'లైసెన్సు అంతా మాదే, మీకేం భయం లేదు' అంటున్నాడు. నమ్మొచ్చా?

నోటి మాట నమ్మకండి. చాలామంది పేటెంట్‌దారులు చిప్పు, మాడ్యూల్ దశలో లైసెన్సు ఇవ్వరు. పూర్తయిన వస్తువు తయారీదారు దగ్గరే అడుగుతారు. మాడ్యూల్ కంపెనీల అమ్మకం షరతుల్లో 'ప్రమాణ పేటెంట్లకి మా బాధ్యత లేదు' అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉండటం మామూలే.

కొనేముందు రాతపూర్వకంగా మూడు అడగండి. ఏయే పేటెంట్‌దారుల లైసెన్సు ఈ మాడ్యూల్ ధరలో కలిసి ఉంది? ఆ లైసెన్సు మాడ్యూల్ కొన్న మాకు వర్తిస్తుందా? మూడో పక్షం దావా వేస్తే నష్టం ఎవరు భరిస్తారు, ఎంత పరిమితి దాకా? జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. బరంపురం, విశాఖ డీలరు ఇచ్చే హామీ కన్నా మాడ్యూల్ కంపెనీ లెటర్‌హెడ్ మీద వచ్చిన రెండు లైన్లు మేలు.

చిప్పు ఎవరిదన్నది ఎంత తేడా తెస్తుందో 2014 డిసెంబరులో కనిపించింది. స్వీడన్ నెట్‌వర్క్ కంపెనీ ఎరిక్సన్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు షావోమీ ఫోన్ల అమ్మకం ఆపమంది. కొన్ని రోజులకే, ఫోనుకి 100 రూపాయల చొప్పున డిపాజిట్ చేసే షరతు మీద క్వాల్‌కామ్ చిప్పు ఉన్నవాటిని అమ్ముకోనిచ్చింది. చిప్పు లైసెన్సు దారిలో వచ్చిందన్న వాదనకి దక్కిన ఊరట అది.

దీనికి రెండో వైపు ఫిలిప్స్ డీవీడీ కేసు. పెద్ద బ్రాండ్లు కావు, ప్లేయర్లు బిగించి అమ్మే చిన్న యూనిట్ల మీదే దావా పడింది. భాగాలు అధికారం ఉన్నవాళ్ల దగ్గరే కొన్నామని వాళ్లు వాదించారు గానీ రుజువు చేయలేకపోయారు. 2018 జులైలో ఢిల్లీ హైకోర్టు రాయల్టీ కట్టమంది. చిన్నవాళ్లం కాబట్టి ఎవరూ పట్టించుకోరన్న ధీమా పనికిరాదు.

రేటు ఎంత ఉంటుంది?

బహిరంగంగా ప్రకటించిన 5జీ రేట్లు ఇవి: ఎరిక్సన్ ఫోను స్థాయిని బట్టి రెండున్నర నుంచి 5 డాలర్లు, నోకియా గరిష్ఠంగా 3 యూరోలు, హువావే గరిష్ఠంగా రెండున్నర డాలర్లు. క్వాల్‌కామ్ 5జీతో పాటు పాత తరాలు కూడా ఉన్న ఫోనుకి ధరలో 3.25 శాతం అంటుంది, ఆ లెక్కకి ధరని 400 డాలర్లకి మించి తీసుకోదు. ఇవన్నీ అడిగే ధరలు. నిజంగా కుదిరే ఒప్పందాలు రహస్యంగా ఉంటాయి. పేటెంట్లున్న కంపెనీలు ఒకరికొకరు మార్చుకుని తేడా మాత్రమే కట్టుకుంటాయి. మన దగ్గర మార్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి నగదే.

మన కోర్టుల లెక్క ఇలా నడిచింది. మైక్రోమాక్స్ మీద ఎరిక్సన్ వేసిన కేసులో 2014 నవంబరు మధ్యంతర ఏర్పాటు ప్రకారం జీఎస్‌ఎం ఫోన్లకి నికర అమ్మకం ధరలో 0.8 శాతం, ఎడ్జ్, 3జీ ఉన్నవాటికి 1 శాతం. లావా కేసు 2024 మార్చి 28న తేలింది. ఎరిక్సన్ చూపిన 8 పేటెంట్లలో ఒకటి చెల్లదన్నారు, మిగతా 7 ఉల్లంఘించారని సుమారు 244 కోట్ల రూపాయల నష్టపరిహారం వేశారు. లెక్క వేసింది చిప్పు ధర మీద కాదు, ఫోను ధర మీద.

మీకు అసలు తేడా ఇక్కడే వస్తుంది. ఉదాహరణకి మీ స్టార్టరు ధర 4,500 రూపాయలు, అందులో మాడ్యూల్ 600 అనుకుందాం. పూర్తి ధర మీద 1 శాతమంటే 45 రూపాయలు. మాడ్యూల్ మీద అయితే 6. స్టార్టరులో విలువంతా కాంటాక్టరు, ట్రాన్స్‌ఫార్మరు, పెట్టెలో ఉంది గనక మాడ్యూల్ ధరనే ప్రాతిపదిక చేయమని, లేదా పెట్టెకి ఇంత అని స్థిరమైన మొత్తం అడగమని మా సలహా. ఫోన్ల కేసుల్లో కోర్టు తీసుకున్న ప్రాతిపదిక మోటారు స్టార్టరుకి యథాతథంగా సరిపోతుందని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి.

రేటు అన్యాయమైతే కాంపిటీషన్ కమిషన్‌కి వెళ్లొచ్చా?

ఆ దారి ఇప్పుడు మూసుకుపోయినట్టే. పేటెంట్ లైసెన్సు విషయంలో పేటెంట్ చట్టమే పైది, కమిషన్ విచారించలేదని ఢిల్లీ హైకోర్టు 2023 జులైలో తేల్చింది. కమిషన్ అప్పీలును సుప్రీంకోర్టు 2025లో కొట్టేసింది.

వైర్‌లెస్ ఆమోదం, టెలికాం సర్టిఫికెట్, ఐఎంఈఐ అన్నీ తీసుకున్నాం. పేటెంట్ అనుమతి ఇందులో లేదా?

లేదు. డబ్ల్యూపీసీ ఆమోదం రేడియో తరంగాల గురించి, టీఈసీ సర్టిఫికెట్ పరికరం పరీక్షల గురించి, బీఐఎస్ కరెంటు భద్రత గురించి. ఐఎంఈఐ గుర్తింపు నంబరు మాత్రమే. వీటిలో ఏదీ పేటెంట్ లైసెన్సు కాదు. పేటెంట్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇవి మానేయనూ కూడదు. కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం అనుమతి లేని బూస్టరు అమ్మేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు, వాళ్ల గొడవ పేటెంట్‌ది కాదు, రేడియో అనుమతిది.

2జీ పాతదైపోయింది కదా, పేటెంట్లు ఇంకా ఉన్నాయా?

దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే పేటెంట్ ఆయుష్షు. జీఎస్‌ఎం మూల పేటెంట్లు 1980ల చివర, 1990ల్లో వేసినవి, వాటి కాలం తీరిపోయింది. 3జీ తొలి విడత కూడా అంతే. 4జీ తొలి విడత, అంటే రిలీజ్ 8, 2008 చివర్లో ఖరారైంది. దానికోసం 2005 నుంచి 2008 దాకా వేసినవి 2025 నుంచి 2028 మధ్య ఒక్కొక్కటీ తీరుతున్నాయి. 5జీ తొలి విడత 2018 నాటిది, అది 2030ల చివరి దాకా ఉంటుంది. 4జీలో తర్వాత చేరిన మెరుగుదలల పేటెంట్లు వేరుగా లెక్క, కాబట్టి '4జీ అయిపోయింది' అని ఏకమొత్తంగా ఎప్పటికీ అనలేరు.

పలానా పేటెంట్ ఇండియాలో బతికి ఉందో లేదో ఎలా చూడాలి?

పేటెంట్ దేశం వారీ హక్కు. అమెరికా, యూరప్ నంబర్లు ఎన్ని చూపించినా, మీరు ఇక్కడ తయారుచేసి ఇక్కడే అమ్మితే భారతీయ పేటెంట్ మాత్రమే లెక్క.

ఐపీ ఇండియా సైట్‌లో పేటెంట్ సెర్చ్ తెరిచి నంబరు కొట్టండి. దరఖాస్తు నంబరు 12 అంకెలది. మొదటి 4 అంకెలు సంవత్సరం, ఐదో అంకె ఆఫీసు: 1 ఢిల్లీ, 2 ముంబై, 3 కోల్‌కతా, 4 చెన్నై. ఆరో అంకె 7 అయితే విదేశీ అంతర్జాతీయ దరఖాస్తు దారిలో వచ్చిందని అర్థం. 2016కి ముందువి పాత పద్ధతిలో ఉంటాయి. తర్వాత ఈ-రిజిస్టరు తెరవండి. అందులో మంజూరు తేదీ, రెన్యువల్ ఫీజు ఎప్పటిదాకా కట్టారు, అమల్లో ఉందా ఆగిపోయిందా అన్నీ కనిపిస్తాయి. రెన్యువల్ కట్టక చచ్చిపోయిన పేటెంట్‌ని చూపించి డబ్బు అడగడమూ జరుగుతుంది.

ఇంకా మంజూరు కాని దరఖాస్తు అయితే దాని మీద దావా వేయలేరు. మంజూరైతే మాత్రం ప్రచురణ తేదీ నుంచి నష్టపరిహారం అడగొచ్చు.

ఆ తర్వాత క్లెయిములు చదవాలి. బొమ్మలు, వివరణ చూసి భయపడొద్దు. హక్కు ఉండేది చివర్లోని క్లెయిముల్లోనే. మొదటి క్లెయిముని ముక్కలుగా విడదీసి ఒక కాగితం మీద ఎడమ వైపు రాయండి, కుడి వైపు మీ పరికరంలో ఆ ముక్క ఉందో లేదో రాయండి. ఒక్క ముక్క లేకపోయినా ఆ క్లెయిము నేరుగా తగలదు. ఎక్కువ యాంటెన్నాలతో పనిచేసే 5జీ పద్ధతి మీద పేటెంట్ చూపిస్తే, ఒకే యాంటెన్నా ఉన్న 4జీ మాడ్యూల్ స్టార్టరుకి దానితో పనిలేదు.

లాయరు నోటీసు వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

కవరుతో సహా దాచండి, అందిన తేదీ రాసి పెట్టండి. తేదీకి విలువ ఉంది: పేటెంట్ ఉందని తెలియదు, తెలిసే కారణమూ లేదని రుజువు చేసుకున్నవాడి మీద సెక్షన్ 111 నష్టపరిహారం వేయనివ్వదు. నోటీసు అందాక ఆ మాట చెల్లదు.

నోటీసులో భారతీయ పేటెంట్ నంబర్లు ఉన్నాయా, మీ ఏ మోడల్ అని రాశారా, క్లెయిముకి ప్రమాణంలోని ఏ క్లాజు సరిపోతుందో చూపే చార్టు ఇచ్చారా చూడండి. లేకపోతే అవే అడుగుతూ జవాబు రాయండి. జవాబులో 'మేం వాడుతున్నాం గానీ...' అని మొదలుపెట్టకండి, అది ఒప్పుకోలు అవుతుంది. 'మీ వివరాలు అందితే పరిశీలిస్తాం, లైసెన్సు అవసరమని తేలితే న్యాయమైన షరతుల మీద మాట్లాడటానికి సిద్ధం, మా హక్కులన్నీ అలాగే ఉంచుకుంటున్నాం' అన్న అర్థం వస్తే చాలు. అమ్మకాల సంఖ్యలు మొదటి ఉత్తరంలో ఇవ్వొద్దు. వివరాలు బయటపెట్టకూడదన్న గోప్యతా ఒప్పందం కుదిరాకే ఇవ్వండి.

అందరూ చేసే తప్పు నోరు మెదపకపోవడం. ఎస్‌ఈపీ తగాదాల్లో రెండు పక్షాలూ ఎలా ప్రవర్తించాయో కోర్టు చూస్తుంది. నెలల తరబడి జవాబివ్వనివాడు, ఎదురు రేటు చెప్పనివాడు లైసెన్సు తీసుకునే ఉద్దేశం లేనివాడిగా కనిపిస్తాడు. నోకియా, ఒప్పో వ్యాజ్యంలో 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు విచారణ పూర్తికాకముందే డబ్బు డిపాజిట్ చేయమంది.

రెండో తప్పు కోపం. ఆధారం లేని బెదిరింపు మీద సెక్షన్ 106 కింద మీరే కోర్టుకెళ్లొచ్చు, నిజమే. కానీ 'ఫలానా పేటెంట్ మాకుంది' అని తెలియజేసినంత మాత్రాన అది బెదిరింపు కాదని అదే సెక్షన్ చెబుతోంది. ముందు ఉత్తరం మళ్లీ చదవండి.

పేటెంటే చెల్లదనిపిస్తే, మంజూరు ప్రచురించిన ఏడాదిలోపు పేటెంట్ ఆఫీసులోనే అభ్యంతరం వేయొచ్చు. ఆ తర్వాత హైకోర్టులో రద్దు అడగాలి.

మేం ఒడిశాలో ఉన్నాం, కేసు ఢిల్లీలో వేస్తారా?

వేయగలరు. జిల్లా కోర్టుకి తక్కువ కోర్టులో పేటెంట్ దావా నడవదు, మీరు పేటెంట్ చెల్లదని ఎదురు దావా వేస్తే అది హైకోర్టుకే వెళ్తుంది. మీ స్టార్టరు ఆన్‌లైన్‌లో ఢిల్లీకి డెలివరీ అవుతుంటే అక్కడ వ్యాపారం ఉన్నట్టు వాదిస్తారు. ఇంత వివాదం ఎస్‌ఈపీల మీద ఢిల్లీ హైకోర్టులోనే పేరుకోవడానికి అదొక కారణం. ఒడిశా, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ డీలర్లకే అమ్మేవాళ్లు ఆన్‌లైన్ జాబితా పెట్టేముందు దీన్నీ లెక్కలో వేసుకోవాలి.

లైసెన్సు ఒప్పందంలో ఏం చూసుకోవాలి?

అది రాతలో లేకపోతే చెల్లదు, సెక్షన్ 68. ఫారం 16తో పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించుకోండి. నమోదు కాని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు.

పేటెంట్ నంబర్ల జాబితా అనుబంధంగా ఉండాలి, వాటిలో ఏది తీరిపోతే రేటు ఎంత తగ్గుతుందో రాయించుకోండి. మీ మోడళ్లు, మీ డీలర్లు, మీకోసం బిగించే వేరే యూనిట్ ఉంటే ఆ పనీ కవరయ్యేలా చూడండి. గత అమ్మకాలకి విడుదల, అంటే వాటి మీద ఇక డబ్బు అడగరన్న మాట, ఒక వాక్యంలో స్పష్టంగా ఉండాలి. ఆడిట్ హక్కు ఏడాదికి ఒకసారి, ముందస్తు నోటీసుతో అని పరిమితం చేయండి.

కొన్ని షరతుల్ని చట్టమే ఒప్పుకోదు. సెక్షన్ 140 ప్రకారం పేటెంట్‌తో సంబంధం లేని సరుకు మా దగ్గరే కొనాలనడం, మీరు చేసిన మెరుగుదలలు మాకే ప్రత్యేకంగా అప్పగించాలనడం, పేటెంట్ చెల్లుబాటును సవాలు చేయకూడదనడం, అక్కర్లేని పేటెంట్లు కలిపి బలవంతంగా అంటగట్టడం చెల్లవు. విదేశీ కంపెనీల అచ్చు ఒప్పందాల్లో ఇవి తరచూ ఉంటాయి.

పన్ను దగ్గర చాలామంది నష్టపోతారు. విదేశీ కంపెనీకి రాయల్టీ పంపేటప్పుడు మన చట్టం రేటు 20 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి దేశాలతో పన్ను ఒప్పందం వల్ల 10 శాతానికి తగ్గుతుంది, దానికి అవతలివాళ్ల పన్ను నివాస సర్టిఫికెట్ మీ ఫైల్లో ఉండాలి. ఒప్పందంలో 'పన్నులు పోను నికరంగా' అని ఉంటే ఆ పన్ను మీ నెత్తిన పడుతుంది: 100 నికరంగా పంపాలంటే 10 శాతం లెక్కన మీకు 111 రూపాయలు దాటుతుంది. దీనిపైన 18 శాతం జీఎస్‌టీ రివర్స్ చార్జ్ మీరే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి.

మా పొలంలో టవరు పెట్టారు. పేటెంట్ గొడవలు మాకేమైనా?

ఏమీ లేవు. మీది స్థలం అద్దె ఒప్పందం మాత్రమే.

మా సొంత ఆవిష్కరణకి పేటెంట్ ఎక్కడ వేయాలి? కోల్‌కతానా, చెన్నైనా?

దరఖాస్తుదారు నివాసం, వ్యాపారం ఉన్న చోటు, లేదా ఆవిష్కరణ పుట్టిన చోటుని బట్టి ఆఫీసు. ఒడిశాకి కోల్‌కతా, ఆంధ్ర, తెలంగాణలకి చెన్నై. యూనిట్ బరంపురంలో ఉంటే కోల్‌కతా, ఇచ్ఛాపురంలో ఉంటే చెన్నై. మహారాష్ట్రలోని దెగ్లూరు, సిరొంచ వైపు మన వాళ్లకి ముంబై. ఇద్దరు దరఖాస్తుదారులు రెండు వైపులా ఉంటే మొదట పేరు రాసినవాళ్లని బట్టి చూస్తారు. ఒకసారి పడ్డాక ఆఫీసు మామూలుగా మారదు. ఆన్‌లైన్‌లో వేస్తారు కాబట్టి ప్రయాణం బాధ లేదు, విచారణలూ వీడియోలోనే జరుగుతాయి.

భాష మాత్రం హిందీ లేదా ఇంగ్లీషు. తెలుగులో, ఒడియాలో రాసిన స్పెసిఫికేషన్ తీసుకోరు. ఒడియా ఒప్పంద పత్రమో, తెలుగు అఫిడవిట్టో జతచేస్తే అనువాదం కూడా పెట్టాలి.

వరస ఇది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు: ఫారం 1, ఫారం 2. చిన్న యూనిట్ అయితే ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్‌తో ఫారం 28. ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న సంస్థలకి, విద్యాసంస్థలకి 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకి 8,000. ఇది 30 పేజీలు, 10 క్లెయిముల దాకా. తర్వాత ప్రతి పేజీకి 160, ప్రతి క్లెయిముకి 320 అదనం. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ వేయాలి, లేకపోతే దరఖాస్తు వదిలేసినట్టే. పరీక్ష కోరుతూ ఫారం 18, ఫీజు 4,000, మొదటి దరఖాస్తు నుంచి 31 నెలల్లోపు. తొలి పరీక్ష నివేదికకి 6 నెలల్లో జవాబు, మరో 3 నెలలు పొడిగింపు దొరుకుతుంది. మంజూరయ్యాక రెన్యువల్ కట్టాలి, అది దరఖాస్తు తేదీ నుంచి లెక్కించిన 3వ ఏడాది మొదలు వర్తిస్తుంది, వ్యక్తులకి మొదట్లో ఏడాదికి 800.

ఎక్కువమంది ఓడిపోయేది ఫీజుల దగ్గర కాదు, తొందర దగ్గర. కాలేజీ ప్రదర్శనలో, వాట్సాప్ వీడియోలో, రైతు మేళాలో చూపించేశాక దరఖాస్తు వేస్తే కొత్తదనం పోయినట్టే. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనల లాంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. చూపించేముందు రోజైనా సరే ప్రొవిజనల్ వేసేయండి. కాలేజీ ల్యాబులో చేసినదైతే కాలేజీ హక్కుల విధానం ముందే చదవండి. గైడు పేరు మర్యాద కోసం ఆవిష్కర్తగా రాయడం, పని చేసిన జూనియర్ పేరు వదిలేయడం, రెండూ తర్వాత గొడవలే.

యాప్‌కి పేటెంట్ వస్తుందా?

కంప్యూటర్ ప్రోగ్రాం, అల్గారిథమ్ వట్టివాటికి రాదు, సెక్షన్ 3(కె). సాంకేతిక ఫలితం ఉంటే పరిశీలించాలని ఢిల్లీ హైకోర్టు 2019లో చెప్పింది. మోటారు వేసే బటన్ ఉన్న యాప్‌కి రాదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు మాడ్యూల్ తక్కువ కరెంటుతో ఆదేశం అందుకునే కొత్త పద్ధతికి రావచ్చు.

పెట్టె మీద 'పేటెంటెడ్' అని వేసుకోవచ్చా?

మంజూరయితే నంబరుతో సహా వేయండి. నంబరు లేకుండా ఆ మాట ఒక్కటే వేస్తే అవతలివాడికి పేటెంట్ సంగతి తెలిసినట్టు లెక్క కాదు. దరఖాస్తు మాత్రమే ఉంటే 'పేటెంట్ దరఖాస్తు చేశాం' అని వేయొచ్చు. ఏదీ లేకుండా వేస్తే సెక్షన్ 120 కింద 10 లక్షల దాకా జరిమానా.

విదేశాల్లో కూడా పేటెంట్ వేయాలనుకుంటే?

ఇక్కడ నివసించేవాళ్లు ముందు ఇండియాలో వేసి 6 వారాలు ఆగాలి, లేదా ఫారం 25తో ముందస్తు అనుమతి తీసుకోవాలి. అది తప్పితే ఇక్కడి దరఖాస్తు కూడా పోతుంది, నేరమూ అవుతుంది. విదేశంలో వేసిన వివరాలు ఫారం 3లో ఇవ్వాలి. ఇక్కడ వేసిన తేదీ నుంచి 12 నెలల్లో బయట వేస్తే మొదటి తేదీయే లెక్కలోకి వస్తుంది. కాబట్టి డబ్బు సర్దుకోవడానికి 6 వారాలు పోను దాదాపు పదిన్నర నెలలు చేతిలో ఉంటాయి.